ముందు పాదమా, ముందు వీపా?

సూరాడ దానయ్య పద్నాలుగేళ్లుగా ఒక సందేహాన్ని మోస్తున్నాడు. వీపు మీద మోసే గాలి సిలిండరునైతే సాయంత్రానికి దించేసేవాడు. ఈ సందేహాన్ని మాత్రం ఎక్కడ దించాలో అతనికి తెలియలేదు.

అతనుండేది అండమాన్లలో ఓ మూలనున్న చిన్నశంఖం దీవి. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి పాకలు వేసుకున్న జాలరి కుటుంబాలు అక్కడ ఓ అరవై దాకా ఉన్నాయి. దానయ్య పని, చూడవచ్చిన యాత్రికులను నీటి అడుగుకి తీసుకెళ్లి పగడపు దిబ్బ చూపించడం. ఆ దిబ్బ ఒడ్డుకి మరీ దూరమేమీ కాదు. దాన్ని చేరడానికి రెండు దారులున్నాయి. ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్లి నడుంలోతు రాగానే మునగవచ్చు. లేదా పడవలో దిబ్బ దాకా వెళ్లి, పడవ అంచు మీద నీళ్లకి వీపు పెట్టి కూర్చుని, కళ్లకి పెట్టుకున్న అద్దం చేత్తో అదిమిపట్టి వెనక్కి దొర్లవచ్చు. "ఏది మంచిదండీ?" అని యాత్రికులు అడిగితే దానయ్య ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "పడవెక్కితే కడుపులో తిప్పేవాళ్లకి ఒడ్డు మంచిది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పడవ మంచిది. చేపలకి ఎలా వచ్చినా ఒకటేనండి."

చేపల సంగతి సరే. దానయ్య దిగులు గంగమ్మ గురించి.

రోజూ పొద్దున్న లేవగానే భూమికి దండం పెట్టి గానీ కాలు కింద పెట్టని మనిషతను. అలాంటివాడు ఒడ్డు నుంచి దిగితే తల్లికి ముందుగా తగిలేది పాదం. పోనీ అని పడవలోంచి దొర్లితే, అమ్మవారికి వీపు చూపించడమే కాకుండా, ముందుగా తగిలేది పాదం కన్నా పెద్ద అపచారం చేసే భాగం. రెంటిలో ఏది చిన్న తప్పు? గుళ్లో పూజారిగారిని అడిగితే, "భావం ముఖ్యం నాయనా" అని కొబ్బరిచెక్క ఒకటి తన వైపు తీసుకున్నారు. ఆ జవాబు కొబ్బరిచెక్కకి సరిపోయింది గానీ సందేహానికి సరిపోలేదు. దానయ్య ఒకరోజు ఒడ్డు నుంచీ, మరునాడు పడవలోంచీ దిగుతూ, తప్పుని రెండు వైపులా సమానంగా పంచుకుంటూ వచ్చాడు.

ఇదిలా ఉండగా దీవికి కొత్తగా జల విహార క్రమబద్ధీకరణ శాఖ వారి ఆఫీసు వచ్చింది. దానికి అధికారి విశ్వంభరంగారు. ఆయన సముద్రాన్ని కిటికీలోంచి చూసేవారు. ఎండ ఎక్కువైతే ఆ కిటికీ కూడా మూయించేవారు.

ప్రతి సోమవారం ఆఫీసులో ప్రజా విన్నపాల దినం జరిగేది. నెలకి కనీసం ఒక విన్నపమైనా స్వీకరించి పరిష్కరించాలని పైనుంచి ఆర్డరు. ఆ నెల ఆఖరి సోమవారం దాకా ఒక్క విన్నపమూ రాలేదు. దానయ్య లైసెన్సు కాగితం మీద ముద్ర వేయించుకుందామని వెళ్లేసరికి గుమాస్తా చంద్రమౌళి గుమ్మంలోనే చెయ్యి పట్టుకున్నాడు.

"దానయ్యా, దేవుడు పంపినట్టు వచ్చావు. ఏదైనా ఒక ఇబ్బంది చెప్పు."

"నాకేటి ఇబ్బంది లేదు బాబూ."

"అలా అంటే ఎలాగయ్యా! నీళ్లు రావట్లేదను, దీపం వెలగట్లేదను."

"నీళ్లొస్తున్నాయి, దీపం వెలుగుతోంది. లేని ఇబ్బంది ఉందని ఎలా చెప్తానండి?"

"పోనీ సందేహమైనా లేదా?"

దానయ్య లైసెన్సు కాగితం మడుస్తూ, "సందేహమైతే ఉంది బాబూ. గానీ అది తమరు తీర్చేది కాదు" అన్నాడు.

లోపలి గదిలో కుర్చీ చప్పుడైంది. విశ్వంభరంగారు స్వయంగా లేచి వచ్చారు. "మా శాఖ తీర్చలేని సందేహమంటూ ఉండదు. నివేదించుకొనుము" అన్నారు.

పెద్దాయన అంత మాటన్నాక దానయ్య చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. పాదం గురించి చెప్పాడు, వీపు గురించి చెప్పాడు, మూడోది గురించి తల వంచుకుని చెప్పాడు. విశ్వంభరంగారు కళ్లు మూసుకుని విన్నారు. చంద్రమౌళి రాసుకున్నాడు. సముద్ర ప్రవేశ విధానములయందు ఏది సముచితము అను విషయమై సూరాడ దానయ్య గారి విన్నపము, నంబరు ఒకటి.

దానయ్య తేలికపడిన మనసుతో ఇంటికి వచ్చి, భార్య నూకరత్నానికి చెప్పాడు. "ఇన్నాళ్లకి నా మాట విన్న మనిషొకడు దొరికాడే."

మరునాడు పొద్దున్న ఒడ్డు పొడవునా కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టి ఉంది. మధ్యలో బోర్డు. "ప్రవేశ విధానము సముచితమా కాదా అను విషయము పరిశీలనలో ఉన్నందున, అది తేలువరకు ఒడ్డు నుండి గానీ పడవ నుండి గానీ మునుగుట నిషేధము." కింద విశ్వంభరంగారి సంతకం.

సీజను ఇంకా ఆరు వారాలే ఉంది. ఆ ఆరు వారాల పనితోనే దీవిలో సగం కొంపలు వానాకాలం గడుపుకోవాలి. దిబ్బ చూద్దామని వచ్చిన యాత్రికులు బోర్డు చదివి, దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని, తిరుగు లాంచీ ఎక్కేశారు.

మొదట వచ్చినవాడు నూకరత్నం అన్న బడే తాతారావు. పడవ అతనిదే. మెడలో తువ్వాలు తీసి దులుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి బావా ఇది! సందేహం వస్తే ఇంట్లో ఉంచుకోవాల గానీ ఆఫీసుకి పట్టుకెళ్తారేటి?"

"వాళ్లే అడిగారు బావా."

"అడిగితే మాత్రం! నన్ను కూడా అడిగారు, ఏ ఇబ్బందీ లేదన్నాను. నాకు లేవేటి ఇబ్బందులు? నీ చెల్లెలి నోరే ఒక ఇబ్బంది. దాన్ని రాయించానా?"

నూకరత్నం వంటింట్లోంచి, "నీ పెళ్లాం నోటి సంగతి తరవాత అన్నయ్యా, ముందు ఈయన సందేహం సంగతి చూడు" అంది.

తాతారావు కూర్చుని కాఫీ తాగి, వెళ్లేటప్పుడు ఒక మాట అన్నాడు. "ఇంతకీ నన్నడిగితే పడవే మర్యాద. తల్లి ఒళ్లోకి పసిపిల్ల ఎలా పడతాది? వెనక్కే కదా పడతాది."

దానయ్యకి ఆ మాట బాగుందనిపించింది. మళ్లీ ఆలోచిస్తే, పసిపిల్లలు తల్లి దగ్గరికి నడిచి కూడా వస్తారు కదా అనిపించింది. సందేహం అక్కడే ఉండిపోయింది.

రెండో వారానికి నిషేధం బాగా ముదిరింది. ప్రవేశం అంటే ఎంత లోతు అని కాపలావాడు అడిగాడట. దాంతో ఇంకో కాగితం వచ్చింది. చీలమండ వరకు తడిసిన దానిని తడి అనియు, మోకాలి వరకు తడిసిన దానిని ప్రవేశ ప్రయత్నమనియు, నడుము దాటిన దానిని ప్రవేశమనియు భావించవలెను. కాపలావాడి చేతికి గీతలు గీసిన వెదురు బద్ద ఒకటి ఇచ్చారు. నూకరత్నం చేపల బుట్ట కడుక్కోవడానికి వెళితే వాడు ఆవిడ కాలి పక్కన బద్ద పెట్టి, "అమ్మా, ఇది తడి. కానీ అల వస్తే ప్రయత్నం అయిపోతుంది. అల రాకముందే వెనక్కి జరగండి" అన్నాడు.

"అల నన్నడిగి వస్తాదేటి?" అని ఆవిడ బుట్ట వాడి మీదే దులిపింది.

మూడో వారం ఒక ఉన్నతస్థాయి ఉపసంఘం ఏర్పడింది. నేల తరఫున ఒకరు, రేవు తరఫున ఒకరు, ఇద్దరి మీదా విశ్వంభరంగారు. సముద్రంలోకి దిగి చూస్తే గానీ ఏ విధానం సముచితమో తెలియదని నేల సభ్యుడు అన్నాడు. దిగడం నిషేధమని రేవు సభ్యుడు గుర్తుచేశాడు. అంచేత ఆఫీసు పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి నింపించి, బంట్రోతుని నేల మీద నుంచి ఒకసారి, ముక్కాలిపీట మీద నుంచి ఒకసారి అందులోకి దింపారు. నేల మీద నుంచి దిగితే రెండు చెంబుల నీళ్లు ఒలికాయి. పీట మీద నుంచి వెనక్కి దొర్లితే తొట్టి సగమైంది. రెండు విధానాల్లోనూ బంట్రోతుకి జలుబు చేసింది. నివేదికలో, జలుబు విషయమున రెండు విధానములును సమానములే అని రాశారు.

దానయ్యకి రాత్రుళ్లు అన్నం సహించడం మానేసింది. ఒకనాడు ఆఫీసుకి వెళ్లి, "బాబూ, నా సందేహం నాకిచ్చేయండి. నేనే ఉంచుకుంటాను" అన్నాడు.

చంద్రమౌళి పాపం మంచివాడే. రిజిస్టరు తిప్పి చూపించాడు. "వెనక్కి తీసుకోవడానికి గడి లేదయ్యా. ఇక్కడ చూడు. విన్నపము అందినది, పరిశీలించబడినది, విన్నపదారుడు తృప్తి చెందినాడు. ఈ మూడే గళ్లు. నువ్వు తృప్తి చెందానని ఇక్కడ సంతకం పెట్టు. మధ్యాహ్నానికి ఎర్రగుడ్డ విప్పించేస్తాను."

"నేను తృప్తి చెందలేదు కదండీ."

"చెందకపోయినా చెందానని పెట్టు."

దానయ్య కలం పట్టుకున్నాడు. గడి కేసి చూశాడు. కలం కింద పెట్టేశాడు. "అమ్మవారి గురించి అడిగిన మాట బాబూ ఇది. దీని మీద అబద్ధం రాసి, మళ్లీ ఆ నీళ్లలోకే ఏ మొహంతో దిగను?"

ఆ మాట దీవంతా పాకింది. కొందరు దండం పెట్టారు. ఎక్కువమంది తిట్టారు. నూకరత్నం రెండూ చేసింది.

"నువ్వొక్కడివే సత్తెం చెప్పేవాడివి కావు. ఆ పెద్ద డ్రమ్ములో బియ్యం కూడా సత్తెమే చెప్తున్నాయి. అడుగు కనిపిస్తోంది" అంది.

"సంతకం పెట్టేయమంటావా?"

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్లు లేవు. చివరికి, "అబద్ధం సంతకం పెట్టి ఇంటికొస్తే అన్నం పెడతాను గానీ, పక్కన కూర్చుని తినను" అంది.

దానయ్య పెట్టలేదు.

అయిదో వారం పెద్ద దీవి నుంచి డైరెక్టరమ్మ వస్తోందని కబురు వచ్చింది. నెల దాటినా పరిష్కారం కాని విన్నపం మొత్తం శాఖలో ఇదొక్కటేనట. విశ్వంభరంగారికి చెమటలు పట్టాయి. రాత్రికి రాత్రి ఉపసంఘం కూర్చుని, నేలకీ రేవుకీ నొప్పి తగలని మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. ఒడ్డు నుంచా, పడవ నుంచా అన్న వివాదానికి మూలం ఒడ్డూ పడవా వేర్వేరు చోట్ల ఉండటమే. కాబట్టి పడవను తెచ్చి ఒడ్డు మీద పెట్టాలి. అందులోంచి దిగేవాడు ఏకకాలమున ఒడ్డు నుంచీ పడవ నుంచీ దిగినవాడవుతాడు.

ఈ సంగతి చెప్పి పడవ అడిగితే తాతారావు నోరు తెరిచి చూశాడు. "ఒడ్డు మీద పడవలోంచి దొర్లితే ఇసకలో పడతారు కదండీ?"

"అది అమలుకు సంబంధించిన అంశము. ఇప్పుడు మనము విధాన దశయందున్నాము" అన్నారు విశ్వంభరంగారు.

ప్రదర్శన రోజు షామియానా వేశారు. డైరెక్టరమ్మకి దండ వేశారు. పడవని పొడి ఇసుక మీదికి లాగి, రంగు కాగితాలు అంటించారు. మునిగేది ఎవరని అడిగితే, విధానాన్ని రూపొందించినవాడే మొదట ఆచరించవలెనని విశ్వంభరంగారు ముందుకొచ్చారు. నల్లటి రబ్బరు చొక్కాలోకి ఆయన్ని ఎక్కించడానికి ముగ్గురు పట్టారు. దానయ్యే ఆయన వీపుకి సిలిండరు కట్టి, నడుముకి సీసపు బిళ్లల పటకా బిగించి, కాళ్లకి రబ్బరు రెక్కలు తొడిగాడు. అప్పుడు నీళ్ల వైపు చూసి మెల్లిగా, "అయ్యగారూ, పోటు మొదలైంది. ఉపన్యాసాలు కాస్త తొందరగా కానిస్తే మంచిది" అన్నాడు.

"పోటు ఎజెండాలో లేదు" అన్నారు ఆయన, నోట్లో గొట్టం పెట్టుకోబోతూ.

ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. నేల సభ్యుడు నేల గొప్పతనం చెప్పాడు. రేవు సభ్యుడు రేవు చరిత్ర చెప్పాడు. ఎండలో రబ్బరు చొక్కాలో ఉడికిపోతున్న విశ్వంభరంగారు పడవ అంచున కూర్చునే ఉన్నారు. చివరికి చంద్రమౌళి ఈల ఊదాడు. ఆయన అద్దం అదిమిపట్టి, శాస్త్రప్రకారం వెనక్కి దొర్లి, ధబ్బున ఇసకలో పడ్డారు.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన లేవలేదు. సిలిండరు ఇసకలో కూరుకుపోయింది. సీసపు పటకా నడుముని కిందికి లాగుతోంది. రెక్కలు తొడిగిన కాళ్లు రెండూ ఆకాశంలో మెల్లగా ఆడుతున్నాయి. వెల్లకిలా పడేసిన తాబేలు ఎలా ఉంటుందో దీవిలో అందరికీ తెలుసు గనుక ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

"లేపండి" అంది డైరెక్టరమ్మ.

"వీలు కాదు మేడమ్. ప్రదర్శన పూర్తయినట్టు వారు సైగ చేయవలెను. సైగ చేయవలసిన చేతులు వారి కిందనే ఉన్నవి" అన్నాడు నేల సభ్యుడు.

అప్పుడు పోటు వచ్చింది.

మొదటి అల పడవ దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండో అల విశ్వంభరంగారి చెవులు తడిపింది. మూడో అల ఆయన చుట్టూ తిరిగి షామియానాలోకి వచ్చి, కుర్చీల కింద నుంచి వెళ్లి, వరసలో కూర్చున్న అందరి కాళ్లనూ తాకింది. డైరెక్టరమ్మ చెప్పుల్నీ, చంద్రమౌళి బూట్లనూ, తాతారావు పగిలిన మడమల్నీ, చీలమండ దాకా తడిసి కూడా బద్దతో కొలవడం మరచిపోయిన కాపలావాడి కాళ్లనూ తాకింది. ఎవరినీ ఏ ఊరని అడగలేదు. వెనక్కి వెళుతూ దానయ్య పాదాల మీద నుంచి ఇసుక మెత్తగా లాగింది.

దానయ్య అలాగే నిలబడిపోయాడు. పద్నాలుగేళ్లుగా తను తల్లి దగ్గరికి ఎలా వెళ్లాలా అనే ఆలోచించాడు. తల్లి రోజుకి రెండుసార్లు తనంతట తానే వచ్చి, తాగినవాడివీ, తాగనివాడివీ, కాళ్లు కడుక్కున్నవాడివీ, కడుక్కోనివాడివీ అందరి పాదాలూ ముట్టుకుని పోతోందని అతనికి ఒక్కసారీ తోచలేదు. ఆవిడకి లేని పట్టింపు తనకెందుకు?

"బావా, ఆయన బుడగలు ఊదుతున్నాడు!" అని తాతారావు అరిచాడు.

ఇద్దరూ పరుగెత్తి చెరో జబ్బా పట్టి లాగారు. విశ్వంభరంగారు గొట్టం ఊడదీసి, ఉప్పునీళ్లు ఉమ్మి, "నేను ప్రవేశించలేదు. నేను ప్రవేశించలేదు" అని రెండుసార్లు స్పష్టంగా అన్నారు.

డైరెక్టరమ్మ తెలివైన మనిషి. తిరుగు లాంచీ టైము కూడా అవుతోంది. అక్కడికక్కడే చంద్రమౌళికి చెప్పి రాయించింది. "ప్రదర్శనయందు అధికారి సముద్రమున ప్రవేశింపలేదనియు, సముద్రమే అధికారి వద్దకు స్వయముగా విచ్చేసినదనియు ప్రత్యక్షముగా గమనించడమైనది. కావున ప్రవేశ విధానము అను ప్రశ్నయే ఉత్పన్నము కాదు." తర్వాత రిజిస్టరు దానయ్య ముందుకి జరిపి, కాస్త భయంగానే, "ఏమయ్యా, తృప్తేనా?" అంది.

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తృప్తేనండి" అని దానయ్య మూడో గడిలో సంతకం పెట్టాడు.

ఎర్రగుడ్డ ఆ సాయంత్రమే విప్పేశారు. అయితే శాఖ తన పని మరిచిపోలేదు. అధికారిక సమావేశములోనికి అనుమతి లేక ప్రవేశించినందుకు ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలసిందిగా సముద్రానికి ఒక మెమో తయారైంది. చంద్రమౌళి దాన్ని ఒడ్డున కర్రకి అంటించాడు. తెల్లారేసరికి అది లేదు. అతను రిజిస్టరులో, మెమోను సముద్రము స్వయముగా అందుకొనెను అని రాసి గీత గీశాడు.

నీళ్లు తెరుచుకున్నాయి గానీ యాత్రికులు ఇంకా రాలేదు. వాళ్లకి కబురు చేరి, వచ్చే లాంచీలో దిగేసరికి నాలుగు రోజులు పడుతుంది. నింపిన సిలిండర్లు వరండాలో వరసగా ఊరికే నిలబడి ఉన్నాయి. దానయ్య వాటి కేసి చూశాడు, కూర తరుగుతున్న నూకరత్నం కేసి చూశాడు.

"ఏమే, పద."

"ఎక్కడికి?"

"పెళ్లయిన కొత్తలో దిబ్బ చూపిస్తానన్నాను. గుర్తుందా?"

నూకరత్నం కత్తిపీట పక్కకి జరిపింది. "నీకు గుర్తుందేటి! పదహారేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ చూపించావు. నా వంతు ఎప్పటికీ రాదనుకున్నాను."

"రేపో మాపో అనుకుంటూ బాకీ పడిపోయాను."

ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, పైన అతని పాత చొక్కా తొడుక్కుని వచ్చింది. తాతారావు పడవ తెస్తానన్నాడు. వద్దు, నడిచే వెళతానంది. అలలో కాలు పెట్టేముందు వంగి ఇన్ని నీళ్లు తల మీద జల్లుకుంది. నడుంలోతులో దానయ్య ఆవిడ నోటికి గొట్టం అందించి, చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ కిందికి దిగారు.

పావుగంట తరవాత పైకి తేలారు. నూకరత్నం గొట్టం తీసి, జుట్టు వెనక్కి తోసుకుని, ఊపిరి కూడదీసుకుని మొగుడి కేసి గుర్రుగా చూసింది.

"రోజూ ఇక్కడ ఇది చూసి, ఇంటికొచ్చి ఒళ్లు నొప్పులని మూలుగుతావా? మళ్లీ ముంచు. ఆ పసుపు చేప ఒక పక్కే కనిపించింది, ఇంకా ఇటు తిరగలేదు."